రాగిరేకూ, నిమ్మ ఉప్పూ, గాలి వచ్చే కిటికీ

మీ వంటింటి అరలో నిమ్మ ఉప్పు పొట్లం ఉందా? పులిహోరకి నిమ్మకాయలు దొరకని రోజున అక్కరకొస్తుందని చాలా ఇళ్లలో దాచుకుంటారు. బట్టలుతికే చోట చాకలి సోడా, నిమ్మతోటో బత్తాయితోటో ఉన్నవాళ్లింట్లో మైలుతుత్తం, ఉప్పు సరేసరి, ఎక్కడైనా ఉంటుంది. వీటి పక్కన ఒక రాగిరేకో జింకురేకో పెట్టి "దీంతో ఏం చేయొచ్చు?" అని ఎవరైనా అడిగితే నేను మాత్రం "బొమ్మ అచ్చు వేయొచ్చు" అంటాను. ఇవాళ్టి కబుర్లు దాని గురించే. కాస్త తీరిగ్గా కూర్చోండి.

ఎచింగ్ అంటే తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. రాగిరేకు గానీ జింకురేకు గానీ తీసుకుని దాని మీద మైనం లాంటి పూత పూస్తాం. ఆ పూత మీద సూదితో బొమ్మ గీస్తే, గీత పడిన చోటల్లా లోహం బయటపడుతుంది. లోహాన్ని తినే ద్రావణంలో రేకుని ముంచితే ఆ గీతలు లోతుగా తొలుచుకుంటాయి. తర్వాత పూత కడిగేసి, గీతల్లో సిరా నింపి, పైపై సిరా తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నడిపిస్తాం. గీతల్లో దాక్కున్న సిరా కాగితం మీదికి లేచి వస్తుంది. కాగితం ఎత్తి చూసే ఆ క్షణం కోసమే మేమంతా ఈ పనిలోకి వచ్చాం.

మరి లోహాన్ని తినే ఆ ద్రావణం ఏమిటి? మా చదువులో అది నైట్రిక్ యాసిడ్. కాలేజీలో వెనకవైపు ఒక చిన్న గది ఉండేది. దాన్ని యాసిడ్ రూమ్ అనేవాళ్లం. రాతి గట్టు మీద ట్రేలు, గోడకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. ట్రేలో రేకు వేయగానే గీతల వెంట సన్నటి బుడగలు లేచేవి. ఆ బుడగలు అక్కడే అంటిపెట్టుకుంటే గీత సమంగా తెగదని, పక్షి ఈకతో మెల్లగా తుడుస్తూ ఉండాలి. అలా ట్రే మీదికి వంగి నిలబడే పనిని మేం ఎంతో ఇష్టంగా చేసేవాళ్లం. రేకు పెద్దదైతే ట్రే పైన గోధుమరంగు పొగ తేలేది. మాకు నేర్పినవాళ్లు ఆ పొగలోనే నేర్చుకున్నారు, ఆ పొగలోనే నేర్పారు. వాళ్ల ప్రేమలో లోటు లేదు. పద్ధతి అలా వచ్చింది, అంతే.

నా కళ్లు తెరిపించింది కళాకారులెవరూ కాదు, మా బాబాయి. ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఒకసారి నా పని చూద్దామని వచ్చి, యాసిడ్ సీసా మీది పేరు చదివి అడిగాడు: "ఒరేయ్, మా ల్యాబులో దీన్ని ఫ్యూమ్ కబోర్డులో తప్ప తెరవనివ్వం. నువ్వు ట్రేలో పోసుకుని మొహం దాని మీద పెట్టి నిలబడతావా?" అప్పటికి నాకు చలికాలంలో మొదలైన దగ్గు ఎండాకాలం దాకా ఉండటం అలవాటైపోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేను తేల్చి చెప్పలేను. బాబాయి అడిగిన ప్రశ్న మాత్రం వదల్లేదు.

ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు. ఆ గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు కాస్త గొంతు మంట, అంతే అనిపిస్తుంది. ఎక్కువగా పీలిస్తే కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మనిషి ఇంటికెళ్లి పడుకున్నాక ప్రమాదం మొదలవుతుందన్నమాట. డచ్ మార్డెంట్ అని ఇంకో ద్రావణం ఉంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో పొటాషియం క్లోరేట్ కలిపి చేస్తారు. అది సన్నటి గీతలకి పేరుపడ్డదే గానీ, కలిపేటప్పుడు క్లోరిన్ వాయువు వస్తుంది.

ఆ గదిలో యాసిడ్ ఒక్కటే ఉండేదా? ఆక్వాటింట్ అని ఒక పద్ధతి ఉంది. గీతలతో కాకుండా నీడలతో, మబ్బుల్లాంటి ఛాయలతో బొమ్మ వేయడానికి అది కావాలి. దానికి పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చే రోజిన్‌ని మెత్తగా పొడి కొట్టి, పెట్టెలో దుమ్ము లేపి, రేకు మీద వాలనిచ్చి, కింద నుంచి వేడి చేసి అంటిస్తారు. ఆ దుమ్ము పీలిస్తే కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. గాల్లో దట్టంగా ఉన్నప్పుడు నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఇక పూత కరిగించడానికి, సిరా కడగడానికి టర్పెంటైను, కిరోసిను, థిన్నరు. చేతులు కూడా వాటితోనే కడుక్కునేవాళ్లం. చర్మం గుండా అవి లోపలికి పోతాయని అప్పట్లో మాలో ఎవరూ ఆలోచించలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన భయమేమీ కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లోనే పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాస్తూ చిత్రకారుల రంగులు వాళ్ల ఒంటికి ఏం చేస్తున్నాయో చెప్పాడు. అమెరికాలో మైకేల్ మెకాన్ 1979లో కళాకారుల కోసమే ఒక హెచ్చరిక పుస్తకం అచ్చువేశాడు. అమెరికాలో 1988లో కళా సామగ్రి మీద ప్రమాదాల వివరాలు రాయాలని చట్టం కూడా వచ్చింది. తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఆ మాట మన గదుల దాకా రావడానికే ఆలస్యమైంది.

అప్పుడు నేను పాత పుస్తకాల వైపు వెళ్లాను. అక్కడ దొరికిన సంగతి చెబితే మీరూ ఆశ్చర్యపోతారు. ఎచింగ్ మీద మొట్టమొదటి పూర్తి పాఠ్యపుస్తకం రాసినవాడు అబ్రహాం బోస్ అనే ఫ్రెంచి చెక్కుడు కళాకారుడు. సంవత్సరం 1645. అందులో బంగారం శుద్ధి చేసేవాళ్లు వాడే ఘాటు యాసిడ్‌తో పాటు మరో ద్రావణం కూడా ఉంది. వెనిగర్, నవాసారం, ఉప్పు, రాగి చిలుము కలిపి కాచింది. రేకుని వాలుగా నిలబెట్టి, ఆ ద్రావణాన్ని పైనుంచి పోస్తూ, కింద పట్టుకుని మళ్లీ పోస్తూ గీతలు తొలిచేవాళ్లు. చిలుము విషమే, కాచేటప్పుడు ఆవిరి ఘాటే, కాదనను. కానీ గోధుమరంగు పొగ లేకుండా కూడా ఎచింగ్ సాగిందని, అదీ దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట సాగిందని చదివినప్పుడు నా మనసులో ఒక ముడి విడిపోయింది. నైట్రిక్ యాసిడ్ ఈ కళకి ప్రాణం కాదు. మధ్యలో స్థిరపడిన అలవాటు.

ఆ అలవాటుని మార్చినవాళ్లలో కొందరి గురించి చెప్పాలి. కెనడాలోని ఆల్బర్టాలో కీత్ హోవర్డ్ అనే ప్రింట్‌మేకర్ 1991లో ప్రమాదం తక్కువగా ఉండే ఫొటో ఎచింగ్ మీద ఒక పుస్తకం, 1998లో విషం లేని ఇంటాగ్లియో (గీతల్లో సిరా నింపి అచ్చువేసే పద్ధతి) మీద మరో పుస్తకం తెచ్చాడు. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు తయారుచేసే పరిశ్రమలో వెలుతురుకి గట్టిపడే ఒక పల్చటి ఫిల్ము వాడతారు. దాన్ని ఆయన రేకు మీద అంటించాడు. బొమ్మ ఉన్న పారదర్శక కాగితాన్ని పైన పెట్టి వెలుతురు చూపించి, చాకలి సోడా కలిపిన నీళ్లలో కడిగితే బొమ్మ తేలుతుంది. లీటరు నీళ్లకి పది గ్రాముల సోడా చాలు. ఆయన తర్వాత అమెరికాలో రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఈ పద్ధతులు నేర్పాడు. ఇంకా ముందే, 1970లలో, న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన డాన్ వెల్డెన్ సోలార్‌ప్లేట్ పద్ధతి మొదలుపెట్టాడు. రేకు మీద బొమ్మ పరిచి ఎండలో పెట్టి, కుళాయి నీళ్లతో కడగడమే. మన ఊళ్లలో ఎండకి కరువా చెప్పండి!

నిమ్మ ఉప్పు సంగతికి వస్తున్నాను. రాగిని తినడానికి ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణం ఉంది. మన పాలిటెక్నిక్ పిల్లలకి ఇది బాగా తెలుసు. సర్క్యూట్ బోర్డు మీద అక్కర్లేని రాగిని తీసేయడానికి వాళ్లు వాడేది ఇదే. దీన్నుంచి గోధుమరంగు పొగ రాదు, బుడగలు రావు. గీత కూడా పక్కలకి కొరుక్కుపోకుండా నిట్టనిలువుగా తెగుతుంది. ఒకటే చిక్కు. పని జరుగుతున్నకొద్దీ గీతల్లో మడ్డి పేరుకుని కొరకడం ఆగిపోతుంది. అందుకని రేకుని బోర్లా వేలాడదీసో, నిలువు తొట్టిలో నిలబెట్టో అవస్థపడేవాళ్లు. 1990ల చివర్లో ఎడిన్‌బరోలో ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ అనే కళాకారుడు ఈ ద్రావణంలో సిట్రిక్ యాసిడ్ కలిపి చూశాడు. అంటే మన నిమ్మ ఉప్పు. అది ఇనుముని పట్టుకుని మడ్డి కట్టనివ్వదు. దాంతో రేకుని మామూలుగా వెల్లకిలా ట్రేలో పెట్టుకోవచ్చు, పని కూడా త్వరగా అవుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం నాలుగు పాళ్లు, నిమ్మ ఉప్పు నీళ్లు ఒక పాలు. నిమ్మ ఉప్పు నీళ్లంటే మూడు వంతుల నీళ్లకి ఒక వంతు పొడి. దీన్ని ప్రపంచమంతా ఎడిన్‌బరో ఎచ్ అంటున్నారు. ఆ ఊళ్లో 1967 నుంచి ఉన్న ఎడిన్‌బరో ప్రింట్‌మేకర్స్ వర్క్‌షాపు పాత రసాయనాలు వదిలి ఇలాంటి పద్ధతులకి మారింది. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ ఆడమ్, కారల్ రాబర్ట్‌సన్ తమ అనుభవమంతా 2007లో ఇంటాగ్లియో మీద పుస్తకంగా రాసిపెట్టారు.

జింకురేకుకి ఫెర్రిక్ క్లోరైడ్ పనికిరాదు. వేడెక్కిపోతుంది, హైడ్రోజన్ వస్తుంది. దానికి మైలుతుత్తం. పదో తరగతిలో మైలుతుత్తం నీళ్లలో ఇనప మేకు వేసి చూడటం గుర్తుందా? నీలంరంగు పల్చబడుతుంది, మేకు మీద ఎర్రటి రాగి పేరుకుంటుంది. ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, రాగి బయటికి వస్తుంది. మేకు బదులు జింకురేకు వేస్తే గీతల్లో జరిగేదీ అదే. పేరుకున్న రాగి పొడిని మెత్తటి బ్రష్షుతో తోసేస్తూ ఉండాలి. సెడ్రిక్ గ్రీన్ అనే కళాకారుడు దీన్ని వాడుకలోకి తెచ్చి బోర్డో ఎచ్ అని పేరు పెట్టాడు. మన రైతులు నిమ్మ, బత్తాయి, ద్రాక్ష తోటల్లో కొట్టే బోర్డో మిశ్రమం పేరే అది. అందులోనూ మైలుతుత్తమే కదా. తర్వాత కీకెబెన్ దీనికి మామూలు ఉప్పు కలిపి ఇంకా చురుగ్గా పనిచేసేలా చేశాడు. వెనిగర్, ఉప్పు, చిలుము కలిపిన 1645 నాటి ద్రావణం మీకు ఇక్కడ గుర్తుకొస్తే, సరిగ్గానే గుర్తుకొచ్చింది. అక్కడా ఇక్కడా పనిచేసేది రాగి లవణం, ఉప్పు.

నేను ఇప్పుడు మేడ మీద గదిలో పనిచేసే తీరు చెబుతాను. రాగిరేకు మీద పూత అంటాలంటే ముందు జిడ్డు, చిలుము పోవాలి. చింతపండు, ఉప్పు కలిపి రుద్దుతాను. మా అమ్మ పండగ ముందు రాగి చెంబులు తోమే పద్ధతే. తర్వాత గిన్నెల సబ్బుతో కడిగితే నీళ్లు రేకు మీద చుక్కలుగా విడిపోకుండా పలకలా పరుచుకుంటాయి. అదే శుభ్రమైందన్న గుర్తు. తారు కలిసిన పాత పూత బదులు నీళ్లతో పల్చబడే యాక్రిలిక్ పూత పూస్తాను. నేలకి మెరుపు తెచ్చే యాక్రిలిక్ పాలిష్‌లో కాస్త నల్ల సిరా కలిపినా పని జరుగుతుంది. పని అయ్యాక ఆ పూత చాకలి సోడా నీళ్లలో ఊడి వస్తుంది. ఆక్వాటింట్‌కి రోజిన్ పెట్టె లేదు. యాక్రిలిక్‌ని సన్నటి తుంపరగా ఎయిర్‌బ్రష్‌తో చల్లుతాను, మాస్కు కట్టుకునే చల్లుతాను. సిరా కడగడానికి వేరుశెనగ నూనె, పాత చీర ముక్కలు. నూనె సిరాని వదులు చేస్తుంది, ఆ తర్వాత సబ్బు నీళ్లు రెండింటినీ తీసుకుపోతాయి. సబ్బుతో కడిగితే పోయే నూనె సిరాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

ఈ మధ్య ఒక విద్యార్థిని వచ్చి ఇదంతా చూసి అడిగింది: "సార్, యాసిడ్ లేకుండా చేస్తే ఆ పాత గాఢత వస్తుందా? పెద్దవాళ్ల ప్రింట్లలా కనిపిస్తుందా?" న్యాయమైన ప్రశ్న. ఉన్నమాట చెప్పాలంటే, తుంపర ఆక్వాటింట్ గింజ రోజిన్ గింజలా ఉండదు. దానికి దాని తీరుంది, చేయి కొత్తగా అలవాటు చేసుకోవాలి. కానీ గాఢత ద్రావణంలో ఉంటుందనుకోవడం మాత్రం నిజం కాదు.

మన కృష్ణారెడ్డి గారినే చూడండి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన అటెలియే 17 స్టూడియోకి చేరి, ఒకే రేకు మీద అనేక రంగులు ఒకేసారి అచ్చువేసే విస్కాసిటీ పద్ధతిని ప్రపంచానికి చూపించినవాళ్లలో ఒకరయ్యారు. ఆ పద్ధతి కిటుకు సిరాలో ఎంత నూనె ఉందన్నదే. ఎక్కువ నూనె ఉన్న పల్చటి సిరా, తక్కువ నూనె ఉన్న చిక్కటి సిరా ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. రేకులోని ఎత్తుపల్లాలకి మెత్తటి రోలరు, గట్టి రోలరు వేరువేరు రంగులు పూస్తాయి. ఆయన శిల్పి కూడా. అందుకే రేకుని శిల్పంలా ఉలితో, గీకుడు పనిముట్లతో, యంత్రాలతో లోతుగా చెక్కేవారు. యాసిడ్ ముట్టలేదని నేననను. ఆయన ‘వర్ల్‌పూల్’ ముందు నిలబడినప్పుడు సుడిగుండం లోతుని ఇచ్చింది చేతి పని, నూనె లెక్క అని మాత్రం తెలుస్తుంది. ఆయన 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఇంకో పెద్దాయన సోమనాథ్ హోర్. శాంతినికేతన్ కళాభవన్‌లో గ్రాఫిక్స్ నేర్పారు. 1970లలో ఆయన చేసిన ‘వూండ్స్’ ప్రింట్లలో సిరా చుక్క లేదు. గాయాలు చేసిన అచ్చులో తడి కాగితపు గుజ్జు పోసి, ఎండాక తీశారు. తెల్లటి కాగితం మీద తెల్లటి గాయాలు. యాసిడ్ ట్రే దగ్గరికి వెళ్లకుండానే అంత బాధని చూపించారు. ఆ విద్యార్థినికి ఈ ఇద్దరి ప్రింట్ల ఫొటోలు చూపించాను. తర్వాత వారం తన రేకు తెచ్చుకుని పనిలో కూర్చుంది.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. విషం లేని పద్ధతి అన్నాం కదా అని దేన్నైనా చేత్తో ముట్టుకోవచ్చనుకోకండి. ఫెర్రిక్ క్లోరైడ్ చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది. గ్లోవ్సు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. మైలుతుత్తం మింగితే ప్రమాదం, చెరువులోకి పోతే చేపలకి చావు. ఉప్పు కలిపిన మైలుతుత్తంలో అల్యూమినియం రేకు వేస్తే వేడి, హైడ్రోజన్ రెండూ వస్తాయి కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. వాడేసిన ద్రావణాన్ని సింకులో పారబోయకండి. చాకలి సోడా కొద్దికొద్దిగా కలిపితే నురగ వచ్చి లోహమంతా అడుక్కి దిగుతుంది. ఆ మడ్డిని ఎండబెట్టి విడిగా దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. సిరాలో ఉండే అవిసె నూనె గుడ్డకి అంటి, ఆ గుడ్డలు ఉండలా కుప్పపడితే, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి. ద్రావణాల సీసాల మీద పేరు, తేదీ రాయండి. తాగే నీళ్ల సీసాల్లో మాత్రం ఎన్నడూ పోయకండి. వంటింటి నుంచి తెచ్చిన గిన్నె, చెంచా మళ్లీ వంటింటికి వెళ్లకూడదు.

ఇన్ని జాగ్రత్తలున్నాయి, మరి తేడా ఏముందంటారా? తేడా ఉంది. పాత గదిలో విషం గాల్లో ఉండేది, గాలి పీల్చకుండా ఎవరూ ఉండలేరు. ఈ గదిలో ప్రమాదం ట్రేలో ఉంటుంది. గ్లోవ్సు, మూత, కిటికీ దాన్ని అక్కడే ఆపగలవు. పనిచేసేవాడికి దాని మీద అదుపు ఉంటుంది.

అందుకే లలితకళలు నేర్పే మాస్టార్లకి, మేడమ్‌లకి నా విన్నపం. మొదటి సంవత్సరం పిల్లలకి సూది పట్టుకోవడం నేర్పే రోజునే సీసా మీది అక్షరాలు చదవడం కూడా నేర్పండి. యాసిడ్ గదిని ఒక్కసారిగా మూసేయలేకపోతే ముందు కిరోసిన్ డబ్బా తీసేసి నూనె పెట్టండి. ఆ మార్పుకి ఖర్చు లేదు, రేపటి నుంచే చేయొచ్చు. తర్వాత రోజిన్, ఆ తర్వాత నైట్రిక్. అమ్మానాన్నలారా, మీ పిల్లలు ప్రింట్‌మేకింగ్ నేర్చుకుంటామంటే సంతోషంగా పంపండి. పంపేముందు ఆ కాలేజీకి వెళ్లి రేకులు కొరికించే గది చూపించమని, అందులో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో చెప్పమని అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి.